పక్కవాళ్ల నిద్ర చెడకుండా పాట: పడకగదికి ఏ వైర్‌లెస్ స్పీకర్ తీసుకోవాలి?

షాపుకెళ్లి స్పీకర్ చూపించమంటే అక్కడి కుర్రాడు చేసే మొదటి పని వాల్యూమ్ పెంచడం. అద్దాలు అదిరేలా రెండు నిమిషాలు మోగించి "బాస్ చూశారా సార్" అంటాడు. రాత్రి పదిన్నరకి మంచం మీద వాలి పాట వినాలనుకునే మనిషికి ఆ రెండు నిమిషాల్లో పనికొచ్చే సంగతి ఒక్కటీ తెలియదు. మనం తెలుసుకోవాల్సింది వేరే: వాల్యూమ్ అడుగంటా తగ్గించాక పాటలో ఎంత మిగులుతుంది?

నేను ఈ వెతుకులాటలో పడింది పాప పుట్టాక. రెండు పడకగదుల ఫ్లాటు, మంచం పక్కనే ఉయ్యాల, తల వైపు గోడకి అవతల ఇంకో కుటుంబం. హాల్లో హాయిగా మోగే స్పీకర్‌ని గదిలోకి తెచ్చి వాల్యూమ్ తగ్గిస్తే పాట పీలగా, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుగా అయిపోయేది. కాస్త పెంచితే ఉయ్యాల కదిలేది. అప్పటి నుంచి ఇంట్లో నాలుగు స్పీకర్లు మారాయి. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లకి ఆ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. ముందు ఏ సంగతులు చూసుకోవాలో చెప్పి, తర్వాత ఒక్కో రకం దగ్గరికి వస్తాను.

## చిన్న వాల్యూమ్‌లో పోయేదేమిటి?

కచేరీ రికార్డింగ్ ఒకటి తీసుకోండి. మృదంగంలో ఎడమచేతి వైపు మూతని తొప్పి అంటారు. కచేరీకి ముందు దాని మీద రవ్వ ముద్ద అద్దుతారు, ఆ గుమ్మనే నాదం రావడానికి. మామూలు వాల్యూమ్‌లో ఆ గుమ్ము ఛాతీకి తగులుతుంది. వాల్యూమ్ తగ్గిస్తూ రండి. గాత్రం ఉంటుంది, వయొలిన్ ఉంటుంది, కుడిచేతి టక్కు టక్కులూ ఉంటాయి, తొప్పి ఒక్కటే మాయమవుతుంది. ఇళయరాజా పాటలో బాస్ గిటార్‌కీ ఇదే గతి. పాట కింద నేల లాగేసినట్టుంటుంది.

ఇది స్పీకర్ లోపం కాదు, మన చెవి తీరే అంత. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఆ కొలతలనే తర్వాత సవరిస్తూ వచ్చి అంతర్జాతీయ ప్రమాణంగా పెట్టారు. దాని ప్రకారం 1000 హెర్ట్జ్ ధ్వని 40 డెసిబెల్ దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ బాస్ ధ్వని అంతే గట్టిగా వినిపించాలంటే సుమారు 64 డెసిబెల్ కావాలి. అంటే 24 డెసిబెల్ తేడా. అదే 80 డెసిబెల్ దగ్గర ఈ తేడా సుమారు 12కి పడిపోతుంది. గట్టిగా పెట్టినప్పుడు బాస్ తనంతట తాను నిండుగా వినిపిస్తుంది. మెల్లగా పెట్టినప్పుడు ఎవరో ఒకరు దాన్ని ఎత్తి చూపించాలి.

పాత టేప్‌రికార్డర్ల మీద, ఆంప్లిఫయర్ల మీద "లౌడ్‌నెస్" అని ఒక బటన్ ఉండేది, గుర్తుందా? అది నొక్కితే చిన్న వాల్యూమ్‌లో బాస్ పెరిగేది. ఆ బటన్ ఇందుకే. ఇప్పటి చాలా చిన్న స్పీకర్లలో లోపలి చిప్పే ఆ పని చూసుకుంటుంది: వాల్యూమ్ తగ్గేకొద్దీ బాస్‌ని కాస్త ఎత్తుతుంది, పెరిగేకొద్దీ డ్రైవర్ (లోపల కదిలి ధ్వని పుట్టించే భాగం) పాడవకుండా దించుతుంది. అందుకే షాపులో గట్టిగా పెట్టినప్పుడు ఓడిపోయిన చిన్న స్పీకర్, గదిలో మెల్లగా పెట్టినప్పుడు పెద్దదానికన్నా నిండుగా వినిపించవచ్చు. మీరు చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇది. చిన్న వాల్యూమ్‌లో బాస్‌ని తనే సర్దుకునే స్పీకరైనా కావాలి, లేదంటే మనం సర్దుకునేందుకు బాస్ నాబ్ అయినా, యాప్‌లో ఈక్వలైజర్ (బాస్, ట్రెబుల్ విడివిడిగా పెంచి తగ్గించేది) అయినా ఉండాలి. రెండూ లేనిదాన్ని, పేరెంత పెద్దదైనా, పడకగదికి తీసుకోవద్దు.

## దిండు పక్కన ట్రాన్సిస్టర్

మా నాన్నకి రాత్రిపూట రేడియో దిండు పక్కన ఉండాల్సిందే. చెవికి జానెడు దూరంలో, నాబ్ కాస్త తిప్పీ తిప్పనట్టు. అదే మంచం మీద ఇటు పక్క పడుకున్న మాకు అది పాటో వార్తలో కూడా తెలిసేది కాదు. ఆయనకి మాత్రం ప్రతి మాటా వినిపించేది.

అందులో ఉన్న లెక్క ఇది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్ తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల అంత తగ్గదుగానీ దారి అదే. నాలుగు మీటర్ల అవతల టీవీ బల్ల మీద ఉన్న స్పీకర్‌ని ఒక మీటరు దగ్గరికి తెచ్చుకుంటే, మీ చెవికి అదే మోతలో వినిపించడానికి 12 డెసిబెల్ దాకా తక్కువ సరిపోతుంది. ఆ తగ్గిందంతా పక్క గదికీ, పక్క ఫ్లాటుకీ, ఉయ్యాలకీ లాభం. కాబట్టి రెండో సంగతి: చేయి చాపితే అందేంత దగ్గర పెట్టుకునే వీలున్నదా? చిన్న గూట్లో, మంచం పక్క స్టూల్ మీద పట్టేదా? నా దృష్టిలో ఖరీదు కన్నా, కంపెనీ కన్నా ఇది ముఖ్యం.

వాట్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పెట్టె మీద 20 వాట్లు, 40 వాట్లు అని పెద్దక్షరాలు ఉంటాయి. మామూలు చిన్న స్పీకర్ ఒక వాటుకి ఒక మీటరు దూరంలో సుమారు 85 డెసిబెల్ మోగుతుంది అనుకుందాం. మీకు కావలసింది 50, 55 డెసిబెల్. లెక్క వేస్తే అది ఒక వాటులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ. వాట్లు చూసి డబ్బు ఎక్కువ పెట్టొద్దు.

## పెట్టె మీద రాయని సంగతులు

మొదటి మెట్టు. ఆండ్రాయిడ్ ఫోన్లో మామూలుగా వాల్యూమ్‌కి 15 మెట్లు, ఐఫోన్‌లో 16. పగలు చాలు. రాత్రి మాత్రం సున్నా నుంచి ఒకటికి వెళ్తేనే ఎక్కువైపోయే స్పీకర్లు ఉన్నాయి. ఒకటి మరీ ఎక్కువ, సున్నా అయితే నిశ్శబ్దం, మధ్యలో ఏమీ లేదు. నేను ఒక స్పీకర్ వదిలించుకున్నది కేవలం ఇందుకే. గుండ్రంగా తిరిగే నిజమైన నాబ్ ఉన్నవాటిలో ఈ బాధ తక్కువ. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లోకి (సెట్టింగ్స్‌లో దాగి ఉండే మెనూ) వెళ్లి "డిసేబుల్ అబ్సొల్యూట్ వాల్యూమ్" అన్నది ఆన్ చేస్తే ఫోన్ వాల్యూమ్, స్పీకర్ వాల్యూమ్ విడిపోతాయి. అప్పుడు స్పీకర్‌ని బాగా తగ్గించి, ఫోన్లో సన్నగా సర్దుకోవచ్చు. శాంసంగ్ వాడేవాళ్లకి ఆ కంపెనీ సౌండ్ అసిస్టెంట్ యాప్‌లో మెట్లని ఇంకా సన్నగా చేసుకునే వీలుంది.

స్... అనే శబ్దం. కరెంటుతో నడిచే స్పీకర్లలో పాట లేనప్పుడు కూడా సన్నగా స్ అని వస్తూ ఉంటుంది. హాల్లో ఎవరికీ వినపడదు. చెవికి మీటరు దూరంలో వినపడుతుంది. వేసవిలో ఫ్యాను, ఏసీ హోరులో కలిసిపోతుందిగానీ, సంక్రాంతి ముందు చలి రాత్రుల్లో ఫ్యాన్ ఆపేశాక బయటపడుతుంది. ఒకసారి చెవిన పడిందంటే ఇక పాట ఆగిన ప్రతిసారీ అదే వినిపిస్తుంది.

తనంతట తాను మాట్లాడటం. ఒక రాత్రి రెండింటికి కరెంట్ పోయి వచ్చింది. రాగానే బల్ల మీది స్పీకర్ ఢాం అని ఒక మోత మోగి, ఇంగ్లిష్‌లో "బ్లూటూత్ మోడ్" అని గదంతా వినపడేలా అరిచింది. పాప ఏడుపు లంకించుకుంది, మా ఆవిడ లేచి కూర్చుంది, నేను చీకట్లో ప్లగ్ కోసం తడుముకున్నాను. మర్నాడే దాన్ని హాల్లోకి మార్చాం. ఈ మాటలు మన వాల్యూమ్‌తో సంబంధం లేకుండా ఒకటే స్థాయిలో వస్తాయి. కొన్నిటిలో యాప్‌లోంచి ఆపేయవచ్చు. కొనేముందు ఆపి, మళ్లీ ఆన్ చేసి వినండి.

లైటు. చీకట్లో నీలం లైటు గోడంతా పాకుతుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికిస్తే సరి. కానీ చుట్టూ రంగులు మారే లైట్లున్న రకాలు పడకగదికి పనికిరావు.

ఫోన్ మోతలు. బ్లూటూత్‌లో ఫోన్ చప్పుళ్లన్నీ స్పీకర్లోంచే వస్తాయి. పాట మధ్యలో వాట్సాప్ టింగుమంటుంది. వై-ఫైతో నడిచేదైతే పాటని అదే నేరుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి ఫోన్ ఆపేసినా పాట ఆగదు, కాల్ వచ్చినా స్పీకర్ మోగదు.

తనంతట తాను ఆగిపోవడం. కొన్ని ప్లగ్ స్పీకర్లు కరెంట్ ఆదా కోసం పాట లేనప్పుడు నిద్రలోకి జారుకుంటాయి. మనం మరీ మెల్లగా పెడితే అవి పాటే లేదనుకుని ఆగిపోతాయి. దీనికి మందు: ఫోన్లో వాల్యూమ్ ఎక్కువ పెట్టి, స్పీకర్ నాబ్‌తో తగ్గించుకోవడం.

కోడెక్‌ల (బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతులు) గురించి చాలామంది బెంగపెట్టుకుంటారు: ఎస్‌బీసీనా, ఏఏసీనా, ఎల్‌డాక్‌నా అని. ఫ్యాను తిరిగే గదిలో మెల్లగా వింటున్నప్పుడు ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం. దాన్ని లెక్కలోంచి తీసేయండి.

## ఇప్పుడు రకాలు

### బ్యాటరీ బ్లూటూత్ స్పీకర్

జేబీఎల్ ఫ్లిప్, గో లాంటివి, బోస్ సౌండ్‌లింక్ రకాలు, బోట్ స్టోన్ వరుస. మంచినీళ్ల సీసా అంత ఉంటుంది. వైరు లేదు, దిండు పక్కకీ తెచ్చుకోవచ్చు, వంటింట్లోకీ తీసుకెళ్లొచ్చు. కరెంట్ పోయినా పాడుతుంది. నాన్న ట్రాన్సిస్టర్‌కి అసలైన వారసుడు ఇదే.

చిన్న వాల్యూమ్‌లో బాస్‌ని సర్దుకునే తెలివి వీటిలో మంచివాటికి బాగా ఉంటుంది, ఎందుకంటే చిన్న పెట్టెలోంచి పెద్ద ధ్వని తీయడమే వాటి బతుకు. అయినా రెండంగుళాల డ్రైవర్ 100 హెర్ట్జ్ కిందికి పెద్దగా దిగలేదు. తొప్పి గుమ్ములో సగం వస్తుంది, తంబుర అడుగు శృతి పూర్తిగా రాదు. గాత్రం మాత్రం స్పష్టంగా ఉంటుంది.

వీటితో అసలు చిక్కు మెట్ల దగ్గర, మాటల దగ్గర. ఆరుబయట పార్టీల కోసం చేసినవి కాబట్టి మొదటి మెట్టే గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. ఛార్జింగ్ అయిపోతుంటే హెచ్చరిక మోగించేవీ ఉన్నాయి. దీన్ని తీసుకుంటే మోత తగ్గించుకునే యాప్ ఉన్నదే తీసుకోండి.

### స్మార్ట్ స్పీకర్

అమెజాన్ ఎకో, గూగుల్ నెస్ట్ ఆడియో, ఆపిల్ హోమ్‌పాడ్ మినీ. వై-ఫైతో నడుస్తాయి. పడకగది లెక్కన వీటిలో నాకు బాగా నచ్చింది నిద్ర టైమర్. అరగంట తర్వాత ఆపెయ్యమని చెప్పి కళ్లు మూసుకోవచ్చు, ఫోన్ తెర వెలుగు మొహం మీద పడక్కర్లేదు. ఫోన్ చప్పుళ్లు రావు.

లోపలి సరుకులో తేడా ఉంది. నాలుగో తరం ఎకోలో మూడంగుళాల ఊఫర్ (బాస్ పలికించేది), రెండు చిన్న ట్వీటర్లు (సన్నటి పై స్వరాలు పలికించేవి). నెస్ట్ ఆడియోలో 75 మిల్లీమీటర్ల ఊఫర్, ఒక ట్వీటర్. ఎకో డాట్‌లో రెండంగుళాల లోపు స్పీకర్ ఒక్కటే. డాట్ వార్తలకీ, అలారానికీ సరిపోతుంది. పాట కోసమే అయితే పెద్ద ఎకో గానీ, నెస్ట్ ఆడియో గానీ చూడండి. హోమ్‌పాడ్ మినీ చిన్న వాల్యూమ్‌లో పరిమాణానికి మించి నిండుగా పాడుతుంది, కానీ అది ఐఫోన్ ఉన్న ఇంటికే. ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి మామూలు బ్లూటూత్ స్పీకర్‌లా దానికి పాట పంపడం కుదరదు. దానికి కావలసిన 20 వాట్ల అడాప్టర్ దానితోనే వస్తుంది.

ఒకే రకానివి రెండు కొని ఎడమ, కుడి జతగా పెట్టుకునే వీలు ఈ మూడింటిలోనూ ఉంది. ఈ నెల ఒకటి, కుదిరినప్పుడు ఇంకొకటి అనుకునేవాళ్లకి ఇది బాగుంటుంది.

ఇబ్బందులు: నెట్ పోతే పాట పోతుంది. ఇన్వర్టర్ మీద రౌటర్ కూడా ఉండేలా చూసుకోండి. ఇక్కడ వీటితో మాట్లాడటం ప్రధానంగా ఇంగ్లిష్‌లో, హిందీలో. తెలుగు పాట పల్లవి చెబితే ఇంకేదో మొదలవుతుంటుంది. అర్ధరాత్రి గొంతు పెంచి నాలుగుసార్లు చెప్పడం కన్నా ఫోన్లోంచి పాట ఎంచి పంపడమే నయం. ఇక పడకగదిలో మైకు ఉండటం కొందరికి ససేమిరా నచ్చదు. అది పట్టించుకోవాల్సిన అభ్యంతరమే. ఎకో, నెస్ట్‌లకి మైకు ఆపే మీట ఉంది. అది ఆపినా ఫోన్ నుంచి పాట పంపవచ్చు.

### జత పవర్డ్ స్పీకర్లు

ఎడిఫయర్ ఆర్1280డీబీ లాంటివి. రెండు చెక్క పెట్టెలు, ఒక్కోదానిలో నాలుగంగుళాల ఊఫర్, పైన ట్వీటర్. ఆంప్లిఫయర్ ఒక పెట్టెలోనే ఉంటుంది, రెండోదానికి వైరు వెళుతుంది. ఫోన్ నుంచి బ్లూటూత్. అంటే వైర్‌లెస్ అన్నది ఫోన్‌కీ స్పీకర్‌కీ మధ్యనే.

పాట మీద ప్రాణం పెట్టేవాళ్లకి నా ఓటు దీనికే. నాలుగంగుళాల ఊఫర్ మంచి పెట్టెలో ఉంటే 60 హెర్ట్జ్ చుట్టుపక్కల దాకా దిగుతుంది. తొప్పి తొప్పిలాగే ఉంటుంది. స్టీరియో నిజంగా విచ్చుకుంటుంది: వేణువు ఎటు, తబలా ఎటు, కోరస్ ఎక్కడ అని చీకట్లో కళ్లు మూసుకుని చూపించవచ్చు. పక్కన బాస్, ట్రెబుల్ నాబ్‌లు ఉంటాయి. ఆ బాస్ నాబ్ ఇక్కడ కీలకం. ఈ తరహా స్పీకర్లలో చాలావాటికి చిన్న వాల్యూమ్‌లో బాస్‌ని తనంతట తాను ఎత్తే తెలివి ఉండదు. తెచ్చిన రోజు రాత్రి మెల్లగా పెట్టి విని, ఇంత డబ్బు పోశాం, ఇంతేనా అనిపించింది నాకు. బాస్ నాబ్‌ని మూడొంతుల దాకా తిప్పాను. పాట కింద నేల తిరిగొచ్చింది. పగలు గట్టిగా వినేటప్పుడు మళ్లీ మధ్యకి తెచ్చుకోవాలి, లేకపోతే గది గుయ్యిమంటుంది.

పక్క ఫ్లాటుకి బాస్ వెళ్లదా అని అడుగుతారు. తొమ్మిదంగుళాల గోడ అయితే ఈ స్థాయిలో బెంగ అక్కర్లేదు. నాలుగున్నర అంగుళాల గోడకి ఆనించి పెడితే మాత్రం తొప్పి దెబ్బలు సన్నగా అవతలికి దాటవచ్చు. గోడ నుంచి జరపండి.

చోటు కావాలి, ప్లగ్ పాయింట్ చుట్టూ, రెండు పెట్టెల మధ్యా వైర్లు ఉంటాయి, పాకే పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. స్ అనే శబ్దం కొన్ని సెట్లలో ఉంటుంది, కొనేముందు ట్వీటర్ దగ్గర చెవి పెట్టి చూడాల్సిందే.

### నాబ్‌లున్న ఒంటిపెట్టె

మార్షల్ ఆక్టన్ తరహా. ప్లగ్‌తో నడిచే ఒకే పెట్టె, పైన వాల్యూమ్, బాస్, ట్రెబుల్ నాబ్‌లు. చీకట్లో చేత్తో తడిమి తిప్పుకోవచ్చు, సన్నగా సర్దుకోవచ్చు. వాడకంలో ఇంత సుఖమైనది లేదు. ఖరీదు మాత్రం జత పవర్డ్ స్పీకర్ల కన్నా బాగా ఎక్కువ, స్టీరియో వాటి కన్నా తక్కువ. గదిలో వస్తువు అందంగా ఉండాలి, వైర్లు కనపడకూడదు అనుకునేవాళ్లకి.

### పాటలు నింపి వచ్చే పెట్టె

సరిగమ కారవాన్ 2017లో వచ్చింది, తెలుగు పాటలతోనూ దొరుకుతుంది. అమ్మానాన్నల గదికి దీన్ని మించింది నేను చూడలేదు. ఫోన్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, పెద్ద నాబ్, రేడియో ఉంది, బ్యాటరీ ఉంది. బాస్ తక్కువ. కానీ 1950, 60ల నాటి ఘంటసాల, సుశీల పాటలు దాదాపు అన్నీ మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా, రికార్డయినవే, వాటిలో అంత లోతు బాస్ మొదట్నించీ లేదు. వాటికి రెండు స్పీకర్లు పెట్టినా అదనంగా దక్కేది చాలా కొద్ది. మీరు వినేది ముప్పావు భాగం పాత పాటలే అయితే ఏ రకంలోనైనా మంచి స్పీకర్ ఒక్కటి కొనండి, జత కోసం డబ్బు ఖర్చుపెట్టకండి.

## ఒక్క చూపులో

| రకం | మెల్లగా పెట్టినప్పుడు బాస్ | వాల్యూమ్‌ని సన్నగా సర్దడం | రాత్రి అలికిడి | కరెంట్ పోతే | ఖర్చు అందాజు |
|---|---|---|---|---|---|
| బ్యాటరీ బ్లూటూత్ | పరిమాణానికి బాగానే | కష్టం, ఫోన్ సెట్టింగ్ మార్చాలి | హెచ్చరిక మాటలు, ఫోన్ చప్పుళ్లు | ఆగదు | 2 నుంచి 12 వేలు |
| స్మార్ట్ స్పీకర్ | బాగుంటుంది | బాగుంటుంది | తక్కువ, మైకు ఉంటుంది | ఆగిపోతుంది | 5 నుంచి 11 వేలు, ఒక్కోటి |
| జత పవర్డ్ స్పీకర్లు | నాబ్ తిప్పితే అన్నిటికన్నా మేలు | నాబ్‌తో సులువు | స్ శబ్దం ఉండొచ్చు | ఆగిపోతుంది | 8 నుంచి 20 వేలు |
| నాబ్‌ల ఒంటిపెట్టె | బాగుంటుంది | అన్నిటికన్నా సులువు | తక్కువ | ఆగిపోతుంది | 20 వేల పైన |
| పాటలు నింపిన పెట్టె | తక్కువ | నాబ్‌తో సులువు | తక్కువ | ఆగదు | 6 వేల చుట్టూ |

## ఎవరికి ఏది?

పక్కనే పసిబిడ్డ, లేదా చీమ చిటుక్కుమన్నా లేచే భాగస్వామి ఉంటే: స్మార్ట్ స్పీకర్ ఒక్కటి, మీ తల వైపు, చేయి చాపేంత దూరంలో. నిద్ర టైమర్ కోసమైనా అది తీసుకోండి. అదీ ఎక్కువేననిపిస్తే దిండు కింద పెట్టుకునే పలచటి పిల్లో స్పీకర్లు దొరుకుతాయి. వాటిలో సంగీతం పెద్దగా ఉండదు, మాటలకీ, వానచప్పుడు లాంటివాటికీ పరవాలేదు.

ఒంటరిగా అద్దె గదిలో, హాస్టల్లో, పేయింగ్ గెస్ట్‌గా ఉంటే: బ్యాటరీది. ఇల్లు మారినా సంచిలో పెట్టుకుని పోవచ్చు. అక్కడి వై-ఫై మనది కాదు కాబట్టి స్మార్ట్ స్పీకర్ చాలాసార్లు కలవదు కూడా.

కర్ణాటక సంగీతం, వీణ, వయొలిన్ శ్రద్ధగా వినేవాళ్లు, ఇళయరాజా, ఆ తర్వాతి స్టీరియో పాటలు వినేవాళ్లు: జత పవర్డ్ స్పీకర్లు, ఇంకో ఆలోచన లేకుండా. అదే డబ్బుకి స్మార్ట్ స్పీకర్ల జత కూడా వస్తుంది, వాడకం సులువు. కానీ బాలమురళీకృష్ణ గొంతు కింది స్థాయికి దిగినప్పుడు ఆ గొంతు బరువు నాలుగంగుళాల ఊఫర్లో ఉన్నట్టు మూడంగుళాలలో ఉండదు. ఈ తేడా మెల్లగా పెట్టినప్పుడు కూడా తెలుస్తుంది.

కరెంట్ బిల్లు బెంగ ఉన్నవాళ్లకి ఒక లెక్క: ఎప్పుడూ ప్లగ్‌లో ఉండి 2 వాట్లు తాగే స్పీకర్ ఏడాదికి సుమారు 17, 18 యూనిట్లు ఖర్చు చేస్తుంది. మరీ భయపడాల్సినదేమీ కాదు.

## షాపులో అయిదు నిమిషాలు

మీ ఫోన్, మీ పాట తీసుకెళ్లండి. గాత్రం, మృదంగం రెండూ ఉన్న ఒక పాట, బాస్ గిటార్ ఉన్న ఒక పాట చాలు. మీకు కంఠతా వచ్చినవై ఉండాలి. స్పీకర్‌ని మీటరు దూరంలో పెట్టించి వాల్యూమ్‌ని మొదటి మెట్టుకి దించండి. షాపు హోరులో వినపడకపోతే ఒక మూలకి తీసుకెళ్లమనండి. పాట వినపడుతుంటే కుర్రాడితో మామూలు గొంతుతో మాట్లాడి చూడండి. మాట కింద పాట అణిగిపోవాలి, మాట ఆపగానే పాట తిరిగి వినపడాలి. మాటని మించి పాట వినపడితే ఆ మొదటి మెట్టు రాత్రికి ఎక్కువే. తర్వాత పాట ఆపి చెవి దగ్గర పెట్టి స్ శబ్దం వినండి. చివరగా స్విచ్ తీసి, మళ్లీ వేయండి: అరుస్తుందా, ఎంత గట్టిగా?

ఆన్‌లైన్లో కొంటే ఇదే పరీక్ష వచ్చిన రాత్రే చేయండి, వాపసు గడువు దాటకముందే.

## గదిలో ఎక్కడ?

ఇనప బీరువా మీద వద్దు. ఒక్కో స్వరం దగ్గర తలుపు జరజరమంటుంది, స్పీకర్ చెడిపోయిందనుకుంటారు. మా ఇంట్లో రెండు రోజులు ఆ జరజర కోసం వెతికి, చివరికి బీరువా తలుపు మధ్య మడిచిన కాగితం పెట్టి ఆపాం. గాజు బల్ల మీద పెడితే కింద మందపాటి గుడ్డ గానీ, పాత యోగా మ్యాట్ ముక్క గానీ వేయండి.

టైల్స్ నేల, ఖాళీ గోడలున్న గదిలో ధ్వని చెదిరిపోతుంది. పడకగదికి పరుపు, దిండ్లు, కర్టెన్లు ఉన్నాయి కాబట్టి హాలు కన్నా ఇది నయం. వెనక గోడ ఉంటే బాస్ కొంత పెరుగుతుంది, మూలలో పెడితే ఇంకా పెరుగుతుంది. మెల్లగా వినేటప్పుడు అది మనకి పనికొచ్చే సాయం. అందుకే బాస్ నాబ్ లేని స్పీకర్‌ని మీ సొంత గోడ దగ్గరికి నెట్టి చూడండి, పక్కింటి గోడకి మాత్రం వద్దు. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. పడుకున్నప్పటి చెవి ఎత్తు అని మర్చిపోకండి, అది మంచం మీద జానెడే. స్టూల్ మీది స్పీకర్ కింద ముందు వైపు రెండు రబ్బరు ముక్కలో, మడిచిన అట్టో పెట్టి కాస్త వాలిస్తే గొంతు స్పష్టత ఒక్కసారిగా మారుతుంది.

ఉచిత యాప్‌లో వింటుంటే రెండు పాటల మధ్య ప్రకటన గట్టిగా దూకుతుంది. వీలున్న చోట రాత్రి కోసం పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. స్పాటిఫైలో అయితే సెట్టింగ్స్‌లో పాటలన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చే ఏర్పాటు ఉంది, దానిలో "క్వైట్" ఎంచుకోండి. లేకపోతే 1960ల పాటకి సర్దిన వాల్యూమ్ మీద కొత్త పాట వచ్చి పడుతుంది.

ఇవన్నీ చదివి కొనడానికి బయల్దేరేముందు, ఇంట్లో ఇప్పటికే ఉన్న స్పీకర్‌ని ఈ రాత్రి ఒకసారి టీవీ బల్ల మీంచి తీసి మంచం పక్క స్టూల్ మీదికి మార్చండి. ముందు వైపు అట్ట పెట్టి వాల్చి, బాస్ కాస్త పెంచి, వాల్యూమ్ సగానికి సగం తగ్గించి వినండి. మంచానికి అటు పక్క పడుకున్నవాళ్లని పాట వినపడుతోందా అని అడగండి. వాళ్లు "ఏ పాట?" అంటే కొత్తది కొనక్కర్లేదు.